బ్రౌన్ దొర రెండు ఉద్యోగాలు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్యాసం రాసి ఇవ్వవలసిందని కార్యదర్శి గారు ఫోను చేసినప్పుడు నేను కొంత తటపటాయించాను. డి.ఎ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి రాయడానికి నాకంటే అనుభవజ్ఞులు మనలో చాలామంది ఉన్నారు. ఎవరైనా ఒక మహనీయుని జీవితం రాస్తే మన ఇళ్లలో పిల్లలు కూడా చదువుకుంటారని ఆయన సూచించడంతో ధైర్యం వచ్చింది. వెంటనే నా మనసులో మెదిలిన పేరు ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్.

తెలుగు భాషకు ఆయన చేసిన సేవ పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద ఆయన విగ్రహం మనందరం చూసినదే. అయితే ఆయన కూడా మనలాగే ఒక ఉద్యోగి అనే సంగతి మనం సాధారణంగా గుర్తు చేసుకోము. ఆయనకూ బదిలీలు ఉన్నాయి. పై అధికారుల అసంతృప్తి ఉంది. ఒకసారి ఉద్యోగమే పోయింది. అప్పులు ఉన్నాయి. చివరకు పదవీ విరమణ, ఆ తరువాత దాదాపు ముప్ఫై ఏళ్ల విశ్రాంత జీవితం కూడా ఉన్నాయి. అందుచేత ఆయన కథను ఒక పండితుని కథగా కాక ఒక ఉద్యోగి కథగా చెప్పాలని నా చిన్న ప్రయత్నం.

నాకు పరిచయమైన తీరు

నేను 1973లో తాండూరు తాలూకా కచేరిలో ఎల్.డి.సి.గా చేరాను. 1956కు ముందు తాండూరు గుల్బర్గా జిల్లాలో ఉండేది. అందుచేత మా కచేరి భాషలో తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ కలిసిపోయి ఉండేవి. కొత్తగా చేరిన నాకు జమాబందీ, పహాణీ, కిస్తు, దాఖలా, మిసిలు వంటి మాటలు వినబడేవి గాని వాటి పూర్వాపరాలు తెలిసేవి కావు. మా సెక్షన్ పెద్దాయన ఒకరోజు గ్రంథాలయానికి వెళ్లి బ్రౌన్ నిఘంటువు తిరగవేయమని సలహా ఇచ్చారు.

ఆ ఆదివారం ఒక్క మాట కోసం వెళ్లినవాడిని మధ్యాహ్నం భోజనం వేళ దాటేదాకా అక్కడే కూర్చున్నాను. మేము కచేరిలో రోజూ వాడే మాటలను ఎవరో ఒక పరదేశి నూట ఇరవై ఏళ్ల కిందటే ఓపికగా పోగుచేసి పెట్టాడంటే నాకు ఆశ్చర్యం వేసింది. కోర్టుల్లో, రెవెన్యూ కచేరీల్లో వాడే అరబీ, పారశీక, హిందుస్తానీ మాటలకు ఆయన ప్రత్యేకంగా మిశ్రభాషా నిఘంటువు అనే మరొక పుస్తకాన్నే 1854లో ప్రచురించాడని తరువాత తెలిసింది. ఆయన పనిచేసిన ఊర్లలో మన తాండూరు, వికారాబాదు లేవు. మన ప్రాంతం నిజాం రాజ్యంలో ఉండేది, ఆయన ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. అయినా మా బల్ల మీది మాటలు ఆయన బల్ల మీదికి ముందే చేరాయి.

తెలుగు మొదట ఆయనకు ఉద్యోగ నిబంధన

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు, విద్వాంసుడు. 1812లో తండ్రి చనిపోగా కుటుంబం ఇంగ్లండుకు వెళ్లిపోయింది. కంపెనీ కొలువులో చేరబోయేవారికి హెయిలీబరీలో ఒక కళాశాల ఉండేది. అక్కడ చదువుకొని 1817 ఆగస్టులో, ఇంకా పంతొమ్మిదేళ్లు నిండకుండానే, మద్రాసులో దిగాడు. కొత్తగా వచ్చిన ఉద్యోగులు ఫోర్టు సెంటు జార్జి కళాశాలలో దేశభాషలు నేర్చుకోవాలి. ఆయనకు తెలుగు చెప్పిన గురువు వెలగపూడి కోదండరామ పంతులు.

1820లో మద్రాసు గవర్నరుగా వచ్చిన సర్ థామస్ మన్రో, ప్రజల భాష రాని అధికారి ప్రజలకు ఉపయోగపడలేడని గట్టిగా నమ్మినవాడు. అదే ఏడు ఆగస్టులో బ్రౌన్‌ను కడప కలెక్టరుకు సహాయకుడిగా పంపారు. రైతులతో, గుమాస్తాలతో మాట్లాడి పని నడపాలంటే తెలుగు తప్పనిసరి. అంటే తెలుగు ఆయనకు మొదట ఆశయం కాదు. మనకు డిపార్టుమెంటల్ పరీక్షల వంటిది. పాసు కావాలి, పని నడవాలి, అంతే.

తరువాత 1822లో మచిలీపట్నం బదిలీ అయింది. అక్కడ ఉన్న రోజుల్లో, ఫ్రెంచి మతాచార్యుడు దుబాయి రాసిన పుస్తకంలో వేమన అనే కవి ప్రస్తావన ఆయన కంట పడింది. ఆ పద్యాల కోసం వెతకడం మొదలుపెట్టాడు. ఒక తాళపత్ర ప్రతి దొరికితే దానికీ ఇంకొక ప్రతికీ పొంతన లేదు. ఒకదాంట్లో ఉన్న పద్యం మరొకదాంట్లో లేదు. రాసేవారు చేసిన తప్పులపై తప్పులు పేరుకుపోయి ఉన్నాయి. ఇది చక్కబెట్టమని ఆయనకు ఏ అధికారీ ఉత్తరువు ఇవ్వలేదు. చక్కబెట్టకపోతే సంజాయిషీ అడిగేవారూ లేరు. అయినా దాన్ని నెత్తిన వేసుకున్నాడు. నా దృష్టిలో బ్రౌన్‌కు రెండో ఉద్యోగం మొదలైనది ఆ రోజునే.

పగలు కచేరి, ఇంటి దగ్గర కాలేజీ

1826 ప్రాంతంలో ఆయన తిరిగి కడప చేరాడు. అక్కడ తోటతో కూడిన ఒక బంగళా కొని, అందులో పండితులను, రాయసగాళ్లను పెట్టి తన సొంత జీతంలోనుంచి వారికి జీతాలు ఇచ్చాడు. దానికి బ్రౌన్ కాలేజీ అని పేరు వచ్చింది. అయోధ్యాపురం కృష్ణారెడ్డి అక్కడి పనిని పర్యవేక్షించేవారు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైత బ్రహ్మయ్య, మన్నెపల్లి రామకృష్ణకవి వంటి పండితులు ఆయన వద్ద పనిచేశారు.

అక్కడ జరిగే పని చెప్పుకోవడానికి చాలా చిన్నది. ఒక కావ్యానికి దొరికినన్ని రాతప్రతులు తెప్పించడం. వాటిని పక్కపక్కన పెట్టి చదవడం. ఎక్కడెక్కడ తేడాలున్నాయో గుర్తించడం. పండితులతో చర్చించి సరైన పాఠాన్ని నిర్ణయించడం. శుద్ధ ప్రతి రాయించడం. కనబడిన ప్రతి కొత్త మాటనూ నిఘంటువు కోసం ఎత్తి రాసుకోవడం. ఒక రోజు పని చూస్తే ఏమీ జరిగినట్టు ఉండదు. ఏళ్లు గడిచేసరికి 1827లో తెలుగు ఛందస్సు మీద పుస్తకం, 1829లో వేమన పద్యాల సంపుటి వెలువడ్డాయి.

ఇక్కడ ఒక సంగతి మరిచిపోకూడదు. బ్రౌన్‌కు అది ఆశయం. అక్కడ కూర్చొని తాటాకు చూసి కాగితం మీదికి ఎక్కించే రాయసగానికి మాత్రం అది నెల జీతానికి చేసే రోజు పని. పేరు దొరకు వచ్చింది, వేళ్లు నొప్పిపుట్టింది వారికి. పండితులలో కొందరి పేర్లయినా మిగిలాయి, రాయసగాళ్ల పేర్లు చాలావరకు మనకు తెలియవు. ఆ రోజు పని లేకపోతే ఆ ఆశయం లేదు. నలభై ఏళ్లు ఇతరుల ఆశయాలకు ఫైళ్లు కట్టినవారం మనం. ఈ మాట మనకు కాక ఎవరికి అర్థమవుతుంది?

కరువు, కొలువు పోవడం

1832–33లో గుంటూరు ప్రాంతాన్ని ఘోరమైన క్షామం కుదిపివేసింది. నందన నామ సంవత్సరంలో వచ్చింది గనుక నందన కరువనీ, డొక్కల కరువనీ జనం చెప్పుకునేవారు. బ్రౌన్ ఆ కష్టకాలంలో పీడితులకు తోడ్పడ్డాడు. పైవారికి పంపిన లేఖల్లో కొరత అనే మెత్తని మాట రాయక కరువు అనే రాశాడని ఆయన మీద విమర్శ వచ్చింది. మాటల విలువ తెలిసినవాడు కదా, ఆకలితో చనిపోతున్న జనాన్ని చూస్తూ వేరే మాట రాయలేకపోయాడు. నోట్ ఫైలులో ఒక్క మాట మార్చమని పైనుంచి చెప్పించుకున్న అనుభవం మనలో చాలామందికి ఉన్నదే.

1834లో ఆయన ఉద్యోగం పోయింది. లండను వెళ్లవలసి వచ్చింది. పండితుల జీతాల కోసం, రాతప్రతుల కోసం చేసిన అప్పులు అప్పటికే మెడ మీద ఉన్నాయి. ఆయన పెళ్లి చేసుకోలేదు, చేయిపట్టి ఓదార్చే ఇల్లాలు లేదు. ఇటువంటి దశలో మనిషి కుంగిపోవడం సహజం.

ఆయన చేసిన పని వేరు. లండనులో కంపెనీ వారి ఇండియా హౌసులో దక్షిణ దేశ భాషల రాతప్రతులు పట్టించుకునేవారు లేక పడి ఉన్నాయి. హొరేస్ విల్సన్ అనే పండితుని వద్ద చేరి వాటికి పట్టికలు తయారుచేశాడు. ఆ ప్రతులను తిరిగి మద్రాసుకు చేర్పించాడు. రెండువేలకు పైబడిన ఆ రాతప్రతులు తరువాత మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి పెన్నిధి అయ్యాయి. మొదటి ఉద్యోగం పోయిన మూడేళ్లలోనూ రెండో ఉద్యోగానికి ఆయన ఒక్క రోజు సెలవు పెట్టినట్టు కనబడదు. ఉద్యోగం ఇచ్చిన కంపెనీ దాన్ని తీసుకోగలిగింది. ఆశయాన్ని ఇచ్చింది కంపెనీ కాదు కనుక దాన్ని తీసుకోలేకపోయింది.

నిఘంటువు

1837లో తిరిగి వచ్చి మద్రాసు ప్రభుత్వంలో పారశీక అనువాదకునిగా చేరాడు. 1846లో పోస్టుమాస్టర్ జనరల్ పదవి వచ్చింది. ఆ పదవి ఎంత తీరుబడి లేనిదో తపాలా శాఖలో పనిచేసిన మన మిత్రులు చెప్పగలరు. ఈ మధ్యలోనే 1840లో తెలుగు వ్యాకరణం వచ్చింది. 1844లో వసుచరిత్ర, 1851లో మనుచరిత్ర వ్యాఖ్యలతో అచ్చయ్యాయి. 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు కూడా దానికి తోడుగా వచ్చింది. అప్పటికి ఆయన వయస్సు యాభైమూడేళ్లు. ఆ పని వెనుక రెండు దశాబ్దాలకు పైబడిన పోగుదల ఉంది.

ఆ నిఘంటువులో లోపాలు లేకపోలేదు. తరువాత పండితులు సవరించారు. 1903 నాటి సవరించిన కూర్పులో కందుకూరి వీరేశలింగం పంతులు గారి చేయి కూడా ఉంది. బ్రౌన్ పరదేశి పాలకవర్గానికి చెందినవాడే, ఆ వర్గపు అభిప్రాయాలు కొన్ని ఆయనకూ ఉన్నాయి. అయినా కావ్యాల్లోని మాటలతో పాటు వాడుకలోని మాటలకు కూడా చోటివ్వడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

ఆరోగ్యం దెబ్బతిని 1855లో ఆయన ఇండియాను విడిచి లండను చేరాడు. అప్పుడు యాభైఆరేళ్లు. మనలో చాలామంది యాభైఎనిమిదికి దండలు వేయించుకొని ఇంటికి వచ్చినవాళ్లమే. ఆయన 1865లో లండను విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడయ్యాడు. 1866లో తన సాహిత్య జీవితాన్ని గురించి ఒక చిన్న పుస్తకం రాసుకున్నాడు. అందులో ఆయన ప్రధానంగా చెప్పుకున్నది పోస్టుమాస్టర్ జనరల్ పదవిని గురించి కాదు, తెలుగు కోసం చేసిన పనిని గురించి. 1884 డిసెంబరు 12న, ఎనభైఆరో ఏట, లండనులో కన్నుమూశాడు. కడపలో శిథిలమైపోయిన ఆయన బంగళా స్థలంలో జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదల వల్ల ఆయన పేర గ్రంథాలయం వెలసింది. అది ఇప్పుడు భాషా పరిశోధన కేంద్రం.

నా సంగతి

ఇంతవరకు ఆయన కథ చెప్పాను. నా కథ కొంచెం చెప్పక తప్పదు. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెబుతాను.

మండలాల వ్యవస్థ 1985లో వచ్చిన తరువాత నాకు వికారాబాదు బదిలీ అయింది. కాపురం తాండూరులోనే. రోజూ రైలు ప్రయాణం. ఉదయం ధారూరు దాటి అనంతగిరి వైపు అడవి కనబడుతుంటే, పెట్టెలో కూర్చున్న రైతులు, కూలీలు మాట్లాడుకునే మాటలు చెవిన పడేవి. కైకిలి, సుతారి, గుమ్మి, కల్లం వంటి మాటలు ఎన్నో. మన ప్రాంతపు మాటలన్నీ ఒకచోట రాసిపెట్టాలని, బ్రౌన్ పుణ్యమా అని, నాకు ఒక కోరిక పుట్టింది. ఒక వంద పేజీల నోటుబుక్కు కొన్నాను.

తాండూరు అంటే కంది పప్పు, నాపరాయి. రాతి గనిలో పనిచేసిన ఒక వృద్ధుడు మా వీధి చివర ఉండేవాడు. భూమిలో పైపొర నుంచి కిందిదాకా ఒక్కొక్క రాతి పొరకు ఒక్కొక్క పేరు, ఒక్కొక్క పనిముట్టుకు ఒక్కొక్క పేరు, రాయి మోగే చప్పుడును బట్టి మంచిచెడ్డలు చెప్పే మాటలు ఆయన నాలుక మీద ఉండేవి. రెండు ఆదివారాలు ఆయన అరుగు మీద కూర్చొని పది పన్నెండు మాటలు రాసుకున్నాను. మూడో ఆదివారం ఎన్నికల విధులు పడ్డాయి. తరువాత జనాభా లెక్కలు. తరువాత డిపార్టుమెంటల్ పరీక్షలు, అమ్మాయి పెళ్లి, ఇంటి అప్పు. రిటైరైన తరువాత తీరుబడిగా కూర్చొని రాసుకుందామని నోటుబుక్కును ట్రంకుపెట్టెలో పెట్టాను.

2008లో రిటైరయ్యాను. తీరుబడి వస్తుందనుకుంటే రాలేదు. పాలు, కూరగాయలు, కరెంటు బిల్లు, మనవడిని బడి దగ్గర దించడం, బ్యాంకు, ఆసుపత్రి, లైఫ్ సర్టిఫికేట్. కచేరి పనులు పోయిన ఖాళీలోకి ఇంటి పనులు వచ్చి కూర్చున్నాయి. రెండేళ్లు గడిచాక ఒకరోజు నోటుబుక్కు తీసుకొని ఆ పెద్దాయన ఇంటికి వెళ్లాను. ఆయన పోయి చాలా కాలమైందట. కొడుకు పాలిషింగ్ యూనిట్ నడుపుతున్నాడు. మర్యాదగా కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాడు. తండ్రి వాడిన మాటలు తనకు తెలియవన్నాడు. ఇప్పుడు పని అంతా యంత్రాల మీద, మాటలూ యంత్రాలవే. నా నోటుబుక్కులోని పది పన్నెండు మాటలు చదివి వినిపిస్తే అందులో మూడు మాత్రం ఎప్పుడో విన్నట్టుంది అన్నాడు. ఆ రోజు ఇంటికి వచ్చి చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేకపోయాను.

తేడా ఎక్కడ?

అప్పటినుంచి ఆలోచిస్తే నాకు తోచింది ఇది. రోజు పనికి కరెంటు నంబరు ఉంటుంది. అది తపాలులో వస్తుంది, పర్సనల్ రిజిస్టరులో ఎక్కుతుంది, ఆలస్యమైతే మెమో వస్తుంది. పాలవాడు, బ్యాంకువారు, మనవడి బడివారు కూడా ఒక రకంగా మనకు మెమోలు ఇచ్చేవారే. మనిషి సొంత ఆశయానికి మాత్రం కరెంటు నంబరు లేదు. ఎన్నేళ్లు పెండింగులో ఉన్నా అడిగేవారు లేరు. అందుకే అది ఎప్పుడూ ఫైళ్ల కట్టలో అట్టడుగుకు పోతుంది.

రోజు పనులు తక్కువవని నేను అనడం లేదు. మనం కదిలించిన ఫైలు వల్లనే ఎందరో వితంతువులకు పింఛను వచ్చింది, ఎందరో రైతులకు పట్టా చేతికి అందింది. అవి గౌరవంగా చేయవలసినవే. బ్రౌన్ కూడా కచేరి పని మానుకొని నిఘంటువు రాయలేదు. ఆయన చేసిన తెలివైన పని ఒక్కటే. తన ఆశయానికి తానే ఒక కచేరి పెట్టాడు. దానికి స్థలం, వేళ, మనుషులు, జీతాలు అన్నీ ఏర్పరచి, దాన్ని కూడా రోజు పనిగా మార్చాడు. నేను ఆశయాన్ని రేపటికి వాయిదా వేశాను. ఆయన దాన్ని ఇవాళ్టి పనుల్లో చేర్చాడు. ఆయనకూ నాకూ ఉన్న తేడా ప్రతిభలో కూడా ఉందనేది నిజమే గాని, ప్రతిభ సంగతి ఆ తరువాతది.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. తెల్లవారుజామున పాల ప్యాకెట్టు కోసం బయలుదేరే ముందు అరగంట నోటుబుక్కు ముందు కూర్చుంటున్నాను. రోజుకు రెండు మాటలు, ఒక్కోరోజు ఒకటే. గని మాటలు పోయాయి గాని కంది చేను మాటలు ఇంకా ఉన్నాయి. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కందిని విత్తి, కోసి, కల్లంలో కొట్టి, గుమ్మిలో పోసినవారి మాటలకు కూడా ఒక గుర్తింపు ఉండవద్దా? మా ఇంటావిడ పుట్టిల్లు వ్యవసాయ కుటుంబం. నేను ఇన్నాళ్లూ ఆమెను అడగనే లేదు. ఇప్పుడు వంటింటి గడప దగ్గర కూర్చొని అడుగుతుంటే, ముందు నవ్వింది, ఇప్పుడు తానే గుర్తు చేసుకొని పిలిచి చెబుతున్నది. రెండో నోటుబుక్కు నడుస్తోంది.

మిత్రులారా, మీ ట్రంకుపెట్టెల్లో కూడా ఇటువంటి నోటుబుక్కు ఏదో ఒకటి ఉండే ఉంటుంది. అది సంగీతం కావచ్చు, వంశవృక్షం కావచ్చు, ఊరి చెరువు చరిత్ర కావచ్చు. దయచేసి దానికి ఒక కరెంటు నంబరు వేయండి. అడిగేవారు లేరు కనుక మీరే అడగండి. వికారాబాదు, తాండూరు చుట్టుపక్కల పాత మాటలు తెలిసిన పెద్దలు ఎవరైనా ఉంటే సంఘం సమావేశానికి వచ్చినప్పుడు నాకు చెప్పవలసిందిగా ప్రార్థన. నోటుబుక్కు, పెన్ను నా సంచిలోనే ఉంటాయి.

— ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంట్, తాండూరు